మెమరీ కేర్ సిబ్బందికి డిమెన్షియా శిక్షణ ఎన్ని గంటలు? ఆ లెక్క ఎవరు చూస్తారు?

కొబ్బరాకు

మా అత్తగారికి 81 ఏళ్లు. ఆల్జీమర్స్ (మతి తప్పే జబ్బు డిమెన్షియాలో ఒక రకం) అని తేలి ఆరేళ్లయింది. చేతనైనంత కాలం ఇంట్లోనే చూసుకున్నాం. ఒకరోజు రాత్రి రెండింటికి పొయ్యి వెలిగించి దాని పక్కనే నిద్రపోయారు. ఇక మా వల్ల కాదని ఒప్పుకుని, ఇక్కడ కాలిఫోర్నియాలోనే మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక అసిస్టెడ్ లివింగ్‌లో (పెద్దవాళ్లకు రోజువారీ పనుల్లో సాయం చేసే నివాసం), డిమెన్షియా ఉన్నవారిని చూసుకునే మెమరీ కేర్ విభాగంలో చేర్చాం. ఇప్పటికి ఐదు నెలలు.

మామగారు పోయి నాలుగేళ్లు. ఆ సంగతి ఆవిడకు గుర్తుండదు. పొద్దు వాలేసరికి "ఆయన ఇంకా రాలేదేమిటి" అని మొదలుపెడతారు. మొన్న నేను వెళ్లేసరికి ఒక కొత్త అమ్మాయి, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, ఆవిడ ఎదురుగా నిలబడి "మీ భర్త చనిపోయారు, నాలుగేళ్లయింది, నిన్న కూడా చెప్పాను కదా" అంటోంది. చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా. అత్తగారి ముఖం చూశాను. ఆ కబురు ఆవిడకు అప్పుడే అందింది. రోజూ ఇలాగే చెబుతావా అని ఆ అమ్మాయిని అడిగితే, అవునంది. అబద్ధం చెప్పకూడదు కదా అని కూడా అంది.

డైరెక్టరును కలిస్తే ఒక్కటే మాట: "మా సిబ్బంది అందరూ రాష్ట్ర నిబంధనల ప్రకారం శిక్షణ పొందినవారే." ఇంతకీ ఆ నిబంధనలు ఏమిటి? ఎన్ని గంటలు, ఏమి నేర్పుతారు, నేర్చుకున్నారో లేదో ఎవరు చూస్తారు? తెలిసినవారు చెప్పండి. నాకు కోపంగా ఉంది కాబట్టి మాట కాస్త పరుషంగా ఉంటే క్షమించాలి.

ఊరికేవచ్చా

"నిబంధనల ప్రకారం" అనే మాట వినగానే నేను పర్సు తడిమి చూసుకుంటాను.

లెక్కలమాస్టారు

గంటల సంగతి నేను చెబుతాను.

ముందుగా ఒక తేడా గమనించండి. నర్సింగ్ హోము (అమెరికాలో అంటే నర్సులు ఉండి దీర్ఘకాలం చూసుకునే చోటు) వేరు, అసిస్టెడ్ లివింగ్ వేరు. నర్సింగ్ హోములకు కేంద్ర చట్టం ఉంది. 1987లో వచ్చిన ఆ చట్టం ప్రకారం నర్సులకు సాయంగా ఉండే నర్స్ ఎయిడ్‌కు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. అందులో 16 గంటలు పైవాళ్లు పక్కన ఉండి చేయించే పని. ఆ తర్వాత ఏటా 12 గంటలు. 2010 ఆరోగ్య చట్టం డిమెన్షియా శిక్షణను కూడా అందులో చేర్చింది.

అసిస్టెడ్ లివింగ్‌కు అలాంటి కేంద్ర నియమం లేదు. ఏ రాష్ట్రం గొడవ ఆ రాష్ట్రానిదే. మీ కాలిఫోర్నియాలో 2016 నుంచి ఉన్న లెక్క ఇది: మనుషులను నేరుగా చూసుకునే సిబ్బందికి మొత్తం 40 గంటలు. ఒంటరిగా పనిలో దిగకముందు 20, మొదటి నాలుగు వారాల్లో మిగతా 20. ప్రతి ఇరవైలోనూ డిమెన్షియాకు 6, అంటే మొత్తం 12. ఆ తర్వాత ఏటా 20 గంటలు, అందులో డిమెన్షియాకు 8.

కాబట్టి ఆ అమ్మాయి ఒంటరిగా మీ అత్తగారి ముందు నిలబడేనాటికి కనీసం ఆరు గంటలు పూర్తయి ఉండాలి.

కొబ్బరాకు

ఆరు గంటల్లో ఈ ఒక్క సంగతి చెప్పలేదా వాళ్లకు?

ఆరుపడకలు

నేను కాలిఫోర్నియాలోనే ఆరు పడకల చిన్న హోము నడుపుతున్నాను. మీ బాధ అర్థమైంది. అయినా రెండోవైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

పన్నెండు గంటలు తక్కువని అందరూ అంటారు. డిమెన్షియా గురించి ఒక్క గంట కూడా అడగని చోట్లతో పోలిస్తే ఇది నయమే. ఈ పని చేయాలంటే నేనూ 80 గంటల కోర్సు చేసి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. రెండేళ్లకోసారి 40 గంటలు చదివి దాన్ని నిలబెట్టుకోవాలి, అందులోనూ 8 డిమెన్షియాకే. అసలు చిక్కు గంటలు కాదు, నేర్చుకున్నవాళ్లు నిలబడకపోవడం. కిందటేడు నేను దగ్గరుండి నేర్పిన ఏడుగురిలో ఐదుగురు సంవత్సరం తిరగకుండానే వెళ్లిపోయారు. దగ్గరలోనే ఒక గోదాము ఉంది, అక్కడ పెట్టెలు సర్దితే గంటకు రెండు డాలర్లు ఎక్కువ. పెట్టెలు కొట్టవు, కొరకవు, రాత్రి మూడింటికి లేచి ఇంటికి పోతానని తలుపు దగ్గరకు రావు.

దేశం మొత్తం మీద ఇళ్లలోనూ ఇలాంటి చోట్లా పనిచేసే ఎయిడ్‌ల మధ్యస్థ జీతం 2023లో గంటకు 16.12 డాలర్లు. ఆ డబ్బుకు మీరు మనిషిని కొంటున్నారు, మనస్తత్వ శాస్త్రవేత్తను కాదు.

పాతనర్సు

ఆరుపడకలు గారూ, జీతం గురించి మీరన్నది ఒప్పుకుంటాను, చివరి వాక్యం ఒప్పుకోను. మనుషులను కొంటున్నాం అనుకోవడంలోనే ఉంది తిరకాసంతా.

ఆరుపడకలు

మాట జారింది. వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రిషిఫ్టు

నేను ఆ పదహారు డాలర్ల మనిషినే. మీ అత్తగారి ముందు నిలబడిన అమ్మాయి లాంటిదాన్నే, కాస్త పెద్దదాన్ని. వీసా కాగితాలు కుదిరాక మొదట దొరికిన పని ఇదే. మూడేళ్లుగా రాత్రులు చేస్తున్నాను.

శిక్షణ ఎలా జరిగిందో చెబుతాను. ఒక చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. వీడియోలు. ఒక్కొక్కటీ ఇరవై నిమిషాలు, చివర పది ప్రశ్నలు. "నివాసి ఆందోళనగా ఉంటే మీరేమి చేయాలి? క) అరవాలి, ఖ) గదిలో పెట్టి తాళం వేయాలి, గ) ప్రశాంతంగా మాట్లాడాలి." తప్పు రాయడానికే తెలివి కావాలి. వీడియోలో నటించిన ముసలావిడ తెల్లని చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని, "ఎక్కడ ఉన్నాను నేను" అని మర్యాదగా అడుగుతుంది. నా మొదటి రాత్రి నాకు తగిలినావిడ నా జుట్టు పట్టుకుని వదల్లేదు.

రాత్రి పూట పద్నాలుగు మంది నివాసులకు మేము ఇద్దరం. ఒకరు భోజన విరామానికి వెళితే ఒక్కరమే.

ఒక పెద్దావిడ స్నానం అంటే కొట్టేవారు. చార్టులో "దూకుడు స్వభావం" అని రాసి ఉంది. నాకంటే ముందునుంచీ ఉన్న ఒక సహోద్యోగి, ఇరవై ఏళ్ల అనుభవం, నన్ను పక్కన నిలబెట్టి చూపించింది. ముందు బాత్‌రూమ్ వెచ్చబరచాలి. బట్టలన్నీ ఒక్కసారి విప్పకూడదు, వెచ్చని పెద్ద తువ్వాలు భుజాల మీద కప్పి, ఏ భాగం కడుగుతున్నామో అంతవరకే తెరవాలి. నీళ్లు పాదాల నుంచి మొదలుపెట్టాలి, నెత్తిమీద కాదు. చేతిని పైనుంచి పట్టుకోకూడదు, మన చేయి వాళ్ల చేతి కింద పెట్టి, వాళ్లే కడుక్కుంటున్నట్టు కదపాలి. ఆ రోజు ఆవిడ కొట్టలేదు. "దూకుడు స్వభావం" కాదది, చలి, సిగ్గు. ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు వచ్చి బట్టలు విప్పుతుంటే మీరు ఊరుకుంటారా?

ఈ అరగంట నాకు ఏ వీడియోలోనూ రాలేదు. ఆ సహోద్యోగి నేర్పిన ఆ అరగంటకు గంటల లెక్కలో చోటూ లేదు.

మంచుకొండ

రాత్రిషిఫ్టు గారూ, ఈ పోస్టు దాచుకుంటున్నాను.

మినెసోటా సంగతి చెబుతాను, మా నాన్నగారు ఇక్కడ ఉన్నారు. అసిస్టెడ్ లివింగ్‌కు ప్రత్యేకంగా లైసెన్సు అనేదే ఇక్కడ 2021 ఆగస్టు 1 నుంచి వచ్చింది. ఆలస్యంగా వచ్చినా ఒక మంచి పని చేశారు. నేరుగా చూసుకునేవారికి మొదటి 160 పని గంటల్లోపు 8 గంటల డిమెన్షియా శిక్షణ. అది పూర్తయ్యేదాకా, ఆ ఎనిమిదీ పూర్తిచేసిన ఇంకొకరు అక్కడ లేకుండా వాళ్లు సేవ చేయకూడదు. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, మరమ్మతులు చేసేవాళ్లకు కూడా 4 గంటలు. ఆ తర్వాత అందరికీ ఏటా 2.

వంటవాళ్లకు ఎందుకని మొదట నవ్వుకున్నాను. మా నాన్నగారు ఒకసారి బయటికి వెళ్లిపోయింది నర్సు చూపు తప్పించుకుని కాదు. బల్బు మార్చడానికి వచ్చినాయన మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. నాన్నగారు కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, "థాంక్యూ" చెప్పి మరీ వెళ్లారు. ఎవరినో చూడటానికి వచ్చినాయన అనుకున్నాడట. చలికాలం. రెండు వీధుల అవతల దొరికారు. అప్పటికి ఈ నియమాలు లేవు.

ఊరికేవచ్చా

మీ నాన్నగారి మర్యాదకు నమస్కారం. దొరికారు కాబట్టి నవ్వుతున్నాను, లేకపోతే నవ్వేవాడిని కాదు.

లెక్కలమాస్టారు

మంచుకొండ గారు చెప్పిన "ఇంకొకరు అక్కడ ఉండాలి" అనే షరతు చాలా విలువైనది. గంటల అంకె కంటే అదే ముఖ్యం.

ఇక నాకొక సందేహం. కొబ్బరాకు గారి విషయంలో ఆ అమ్మాయి చేసింది తప్పని అందరూ ఒప్పేసుకున్నట్టున్నారు. చనిపోయిన మనిషి వస్తాడని చెప్పాలా మరి? మా అమ్మకు నేను ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, జబ్బు చేసిందని ఇప్పుడు మొదలుపెట్టాలా? అబద్ధం ఆడటం నేర్పడమేనా శిక్షణ అంటే?

పాతనర్సు

మాస్టారూ, ఇది మంచి ప్రశ్న, శిక్షణలో మొదటి గంట దీనికే ఇవ్వాలి. నేను టెక్సస్‌లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను, చివరి పదేళ్లూ మెమరీ కేర్‌లోనే.

ఒకప్పుడు మేము కూడా "నిజం గుర్తుచేయాలి" అనే నేర్చుకున్నాం. గోడ మీద తేదీ, వారం, ఊరు రాసి రోజూ చదివించేవాళ్లం. జబ్బు తొలిదశలో కొందరికి అది పనికొస్తుంది. ముదిరిన తర్వాత అది రోజూ పరీక్ష పెట్టి రోజూ తప్పించడమే. నవోమీ ఫైల్ అనే ఆవిడ దీనికి ఎదురుతిరిగి వాలిడేషన్ అనే పద్ధతి తెచ్చారు. ఆ మనిషి చెబుతున్న సంగతిని సరిదిద్దవద్దు, దాని వెనక ఉన్న భావాన్ని అందుకో అంటారు.

"ఆయన ఇంకా రాలేదేమిటి" అన్నప్పుడు చనిపోయారనీ చెప్పనక్కరలేదు, వస్తున్నారనీ చెప్పనక్కరలేదు. "ఆయన కోసం చూస్తున్నారా? ఆయన రోజూ ఎన్నింటికి వచ్చేవారు?" అని పక్కన కూర్చోండి. ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఆవిడ ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడతారు. ఆవిడకు కావలసింది కూడా అదే కావచ్చు. సాయంత్రం అయ్యేసరికి కలవరం పెరగడం ఈ జబ్బులో మామూలే, ఆ వేళకు గదిలో దీపాలు ముందే వెలిగించి, చేతికి ఏదైనా పని ఇస్తే సగం తగ్గుతుంది.

నిజం చెప్పమని ఆవిడే నిలదీస్తే? కొందరు అడుగుతారు: "ఆయన పోయారా?" అని సూటిగా. అప్పుడు నేను అవునని చెప్పి, చేయి పట్టుకుని కూర్చున్నాను. దీనికి సూత్రం లేదు.

లెక్కలమాస్టారు

ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది గానీ, బాగా చెప్పారు. "ఎన్నింటికి వచ్చేవారు" అనే ప్రశ్న నాకు తట్టనే లేదు.

పాతనర్సు

ఇంకొంచెం రాస్తాను, భరించండి. స్నానం, ఓదార్పు నేర్పినంత మాత్రాన సరిపోదు. ప్రాణం మీదికి తెచ్చేవి మూడున్నాయి, అవి శిక్షణలో తప్పకుండా ఉండాలి.

ఒకటి, హఠాత్తుగా వచ్చిన మార్పు. డిమెన్షియా నెలలూ ఏళ్లూ పడుతూ ముదురుతుంది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఈ రోజు పొద్దున మత్తుగానో, విపరీతమైన గందరగోళంగానో ఉంటే అది జబ్బు ముదరడం కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, నీళ్లు తాగకపోవడం, కొత్త మందు, ఏదో ఉంటుంది. "ఆవిడ అంతే" అని వదిలేయకూడదు.

రెండు, నొప్పి. మాటలో చెప్పలేనివారి నొప్పిని ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి బిగువు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా అనే అయిదింటిని చూసి పదికి మార్కులు వేసే పద్ధతి ఉంది. పెయినాడ్ అంటారు. నేర్పడానికి అరగంట చాలు.

మూడు, మందులు. అరుస్తున్నారని యాంటీసైకాటిక్ (తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చే మందు) వేయించడం. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో వీటివల్ల చావు ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే మందు కాగితం మీద పెద్ద హెచ్చరిక వేయించింది, మొదట కొత్త తరం మందులకు, 2008లో పాతవాటికి కూడా. లూయీ బాడీ రకం డిమెన్షియా ఉన్నవారికి హాలోపెరిడాల్ లాంటివి ఇస్తే ఒళ్లు కొయ్యబారిపోవచ్చు. మందు రాసేది కేర్‌గివర్ కాదు, నిజమే. డాక్టరుకు వెళ్లే కబురు మాత్రం ఆమె రాసిందే. "దూకుడు" అని రాస్తే ఒక మందు వస్తుంది. "నడుము తాకగానే అరిచారు" అని రాస్తే ఎక్స్‌రే వస్తుంది.

టెక్సస్ లెక్క కూడా చెబుతాను. ఆల్జీమర్స్ సర్టిఫికెట్ ఉన్న చోట్ల పనిలో చేరకముందే 4 గంటలు, వెంటనే 16 గంటలు పక్కన ఒకరు ఉండగా చేసే పని, ఆపైన ఏటా 12. ఆ సర్టిఫికెట్ లేని మామూలు అసిస్టెడ్ లివింగ్‌కు నియమాలు వేరు. డిమెన్షియా ఉన్నవారు మాత్రం రెండు చోట్లా ఉంటారు.

రెండోతరం

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాడిని, ఇది చూసి రాయక తప్పలేదు.

మా అమ్మమ్మ నలభై ఏళ్లు ఇంగ్లీషు మాట్లాడింది. జబ్బు వచ్చాక వెనక నేర్చుకున్న భాష ముందుగా జారిపోయింది, తెలుగే మిగిలింది. ఒక వారం ఆవిడ "మంట, మంట" అంటూనే ఉంది. వాళ్ల పుస్తకంలో మూడు షిఫ్టుల వాళ్లూ రాసుకున్నారు: అర్థం లేని శబ్దం పదేపదే చేస్తోంది, ఆందోళన, నిద్ర లేదు. నేను శనివారం వెళ్లి విన్నాను. మూత్రంలో మంట. అప్పటికే జ్వరం. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు.

వాళ్లను తిట్టాను. తర్వాత ఆలోచిస్తే, వాళ్లకు తెలుగు రావాలని నేను ఎలా అడుగుతాను? అది అర్థం లేని శబ్దం అనుకునే ముందు ఇంటికి ఒక ఫోను చేసి ఉంటే చాలు. అది నేర్పవచ్చు.

కొబ్బరాకు

రెండోతరం గారూ, ఒళ్లు జలదరించింది. మా అత్తగారికి కూడా ఇంగ్లీషు తగ్గుతోంది. వాక్యాలు పోయాయి, మాటలు మిగిలాయి.

రాత్రిషిఫ్టు

ఇవాళే ఒక పని చేయండి. నొప్పి, మంట, దాహం, నీళ్లు, చలి, భయం, బాత్‌రూమ్ కోసం ఆవిడ వాడే మాట, ఇలాంటివి ఒక పదీ పన్నెండు. ఒక అట్ట మీద తెలుగు మాట పలికే తీరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎదురుగా అర్థం. మంచం తలవైపు అంటించండి. తలుపు మీద వద్దు, రాత్రి పూట తలుపు ఎవరూ చదవరు. మీ ఫోను నంబరు కింద పెద్దగా. ఏ వేళైనా చేయవచ్చు అని రాయండి. రాయకపోతే మేము చేయం, నిద్ర లేపితే తిడతారని భయం.

ఇంకొకటి. ఆ అమ్మాయి మీద ఫిర్యాదు చేయండి, ఉద్యోగం మాత్రం తీయించకండి. ఆమె వెళితే వచ్చేది ఇంకా కొత్తది.

ఆరుపడకలు

ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

ఊరికేవచ్చా

ఆరుపడకలూ రాత్రిషిఫ్టూ ఒకే మాట మీదకు వచ్చారు. తేదీ రాసి పెట్టుకోండి.

లెక్కలమాస్టారు

కొబ్బరాకు గారూ, డైరెక్టరును "శిక్షణ ఉందా" అని అడగకండి, ఉందనే చెబుతారు. "ఈ అమ్మాయి ఏ రోజు చేరింది, ఏ రోజున ఒంటరిగా పనిచేయడం మొదలుపెట్టింది, ఆ రెండు తేదీల మధ్య ఏమేమి పూర్తయ్యాయో కాగితం చూపండి" అనండి. చూపించకపోతే అది కూడా ఒక జవాబే.

మీ రాష్ట్రంలో ఈ చోట్లను తనిఖీ చేసేది కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం. వారి తనిఖీ నివేదికలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవవచ్చు, ఫిర్యాదులు రుజువైన సంగతి కూడా అందులో ఉంటుంది. చేర్చకముందు చూడవలసినవి, ఇప్పుడైనా చూడండి.

పాతనర్సు

అంబుడ్స్‌మన్‌ను మరచిపోవద్దు. ప్రతి రాష్ట్రంలోనూ దీర్ఘకాలిక సంరక్షణకు అంబుడ్స్‌మన్ ఉంటారు, నివాసుల తరఫున ఫిర్యాదులు చూసేవారు, కేంద్ర చట్టం కింద, ఉచితం. నర్సింగ్ హోములకే కాదు, అసిస్టెడ్ లివింగ్‌కూ వస్తారు. లైసెన్సింగ్ వాళ్లు హోటల్ తనిఖీ చేసినట్టు వస్తారు, అంబుడ్స్‌మన్ చుట్టంలా వచ్చి కూర్చుని మాట్లాడతారు. మీకు ముందు కావలసింది రెండోది.

మంచుకొండ

డైరెక్టరుకు డబ్బు సాకు దొరకకుండా ఇంకొక సంగతి: మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) నడిపే కేంద్ర సంస్థ నర్సింగ్ హోముల కోసం "హ్యాండ్ ఇన్ హ్యాండ్" అని డిమెన్షియా శిక్షణ పాఠాలు తయారు చేయించింది. ఉచితం. అసిస్టెడ్ లివింగ్ వాళ్లు వాడుకుంటే వద్దనేవారు లేరు. మా నాన్నగారి చోట వారానికి ఒక పాఠం, తర్వాత పావుగంట మాట్లాడుకోవడం. బల్బు మార్చే ఆయన కూడా కూర్చుంటాడు.

రాత్రిషిఫ్టు

మాట్లాడుకునే ఆ పావుగంటకు జీతం ఇస్తారా?

మంచుకొండ

అడిగి చెబుతాను.

మంచుకొండ

అడిగాను. ఇస్తారట. షిఫ్టు మారే వేళలో పెడతారు, రెండు షిఫ్టుల వాళ్లూ ఉంటారు కాబట్టి.

రాత్రిషిఫ్టు

మీ దగ్గర ఖాళీలున్నాయా? సరదాకు అడగడం లేదు.

కొబ్బరాకు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు, విడివిడిగా చెప్పలేను.

అట్ట అంటించాను. పద్నాలుగు మాటలు. ఆ అమ్మాయితో నేనే కూర్చుని మాట్లాడాను. డిమెన్షియా పాఠాలు చూశావా అంటే, ఒక పూట చూశానంది, మిగతావి ఇంట్లో ఫోనులో చూసుకోమన్నారట. పక్కన ఉండి పని చూపించిన మనిషి ఎవరని అడిగితే, ఇంకొక అమ్మాయి పేరు చెప్పింది. ఆ అమ్మాయి ఈమె కంటే ఎనిమిది రోజులు ముందు చేరింది. "ఎన్నింటికి వచ్చేవారు" అని అడగమని పాతనర్సు గారి మాట చెప్పాను. నిన్న సాయంత్రం ఫోను చేసి, "మీ మామగారు సైకిలు మీద వచ్చేవారా?" అని అడిగింది. మాకే తెలియదు ఆ సంగతి. మా ఆయనను అడిగితే, వాళ్లు పుట్టకముందు ఉండేదట సైకిలు.

డైరెక్టరును మాస్టారు చెప్పినట్టే తేదీలూ కాగితమూ అడిగాను. రెండు రోజులు తిప్పి, నిన్న ఒక సర్టిఫికెట్ చూపించారు. డిమెన్షియా, ఆరు గంటలు, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. తేదీ మాత్రం వచ్చే నెలది.

లెక్కలమాస్టారు

వచ్చే నెలదా?

కొబ్బరాకు

వచ్చే నెల పధ్నాలుగు.

ఊరికేవచ్చా

మీ అత్తగారికి ఏ నెలో తెలియదని ఆ చోట పెట్టారు. అక్కడివాళ్లకు తెలుసా?

ఆరుపడకలు

సాటి యజమానిగా సిగ్గుపడుతున్నాను. ఇది చిన్న విషయం కాదు, లైసెన్సింగ్‌కు వెళ్లవలసిందే.

పాతనర్సు

కొబ్బరాకు, ఆ కాగితం ఫోటో తీశావా అమ్మా?

కొబ్బరాకు

తీశానండీ. ఆవిడ ఫైలులో పెట్టేలోపే తీశాను. అంబుడ్స్‌మన్ మంగళవారం వస్తున్నారు.